పెన్న ఎగువ బెట్ట, పెన్న దిగువ బెట్ట

పెన్న రెండు కొసలా కరువుంది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ నది, తెలుగు నేలలో ముందుగా తొక్కేది అనంతపురం సీమ, చివరికి దాటేది నెల్లూరు సీమ. అనంతపురం కరువు దేశానికంతా తెలుసు. నెల్లూరు కరువు మాత్రం నెల్లూరు వాళ్ళకే తెలుసు. వరి పండే జిల్లాకు కరువేమిటని బయటివాళ్ళు అడుగుతారు గానీ, ఉదయగిరిలో, వింజమూరులో ఆ ప్రశ్న ఎవరూ వేయరు. 2022 విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలుగానే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు వానలెక్క. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, నెల్లూరుకు సుమారు 1,080. అక్కడ దాదాపు అరవై శాతం నైరుతి ఇస్తే, ఇక్కడ దాదాపు అరవై శాతం ఈశాన్యం ఇస్తుంది. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం నిలిచేది ఇద్దరికీ సమానమే. అయితే అక్టోబరు తర్వాత బంగాళాఖాతంలో లేచే వాయుగుండాలు నెల్లూరు తీరాన్ని ముంచెత్తుతాయి. లోపలికి పోయేకొద్దీ ఆ వాన పలచబడుతుంది, ఉదయగిరి వైపుకే తగ్గుతుంది, అనంతపురం చేరేసరికి తరచూ జల్లుగా మిగులుతుంది. ఈ లెక్క ఒక్కటే చూస్తే నెల్లూరు మెట్ట రైతు అదృష్టవంతుడు. నేలలెక్క అలా చెప్పదు.

అనంతపురంలో ఎక్కువ భాగం లోతు తక్కువ ఎర్రనేల. కురిసిన తడిని కొద్ది రోజులకు మించి పట్టుకోలేదు. జూన్, జూలైల్లో పదును చూసి వేరుశనగ విత్తుతారు. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు వాన మొహం చాటేస్తే అంతే సంగతులు. చేను పచ్చగానే కనబడుతుంది, పీకితే కాయలుండవు. ఆకాశం నుంచి పచ్చదనం కొలిచే ఉపగ్రహానికి అది బాగున్న చేనే. అక్కడి కరువు వాన లేకపోవడం కంటే వానకూ వానకూ మధ్య ఎడం పెరగడంలో ఎక్కువగా ఉంది.

నెల్లూరు మెట్టలో ఆ ఎడం కంటే పెద్ద భయం, ఏడాది బతుకంతా ఒక్క కారు మీద ఆనడం. 2015 నవంబరులో నెల్లూరు, గూడూరుల మధ్య జాతీయ రహదారి నీట మునిగింది. మరుసటి ఏడే ఈశాన్యం చేతులెత్తేసింది. 2021 నవంబరులో పెన్న మళ్ళీ ఊళ్ళ మీదికొచ్చింది. కొద్ది రోజుల్లో కురిసిన కుంభవృష్టి వాగుల్లో పరుగెత్తి సముద్రం చేరుతుంది. చెరువుకట్ట గట్టిగా లేని చోట సంక్రాంతి దాటాక ఆ వాన జాడ నేలలో వెతుక్కోవాలి. అనంతపురం నేల చాలని వానతో ఎండితే, ఈ నేల వరద చూసిన ఏడు కూడా ఎండుతుంది.

రెండు సీమలకూ ఉమ్మడి పంట వేరుశనగ. అక్కడది ఖరీఫ్‌లో వానాధార పంట అయితే, నెల్లూరు తీరపు ఇసుకలో అది రబీలో నీరు పెట్టి పండించే పైరు. ఆ నీటికి పాత ఆధారం దొరువు. ఇసుకలో ఇంకిన వాననీరు కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లోతులేని గుంట తవ్వి ఆ పైపొరనే తోడుకోవాలి. ఆశపడి లోతుకు దించి మోటారు పెడితే ఉప్పు పైకొస్తుంది. అనంతపురంలోనూ ఆశ లోతుకే దారి తీసింది. బోరు మీద బోరు వేసినా, రాతి నెర్రెల్లో నీరు లేకపోతే దుమ్మే వస్తుంది. ఒకచోట హద్దు గీసింది రాయి, ఇంకోచోట ఉప్పు.

సాహిత్యంలోనూ ఈ పోలికా తేడా కనబడతాయి. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో ఎండిన ఏరూ ఆ ఒడ్డు బతుకూ ఉన్నాయి. కాటమరాజు కథలో కరువు తరిమితే ఆలమందలు నెల్లూరు పచ్చికబయళ్ళకు వస్తాయి, పుల్లరి దగ్గర నెల్లూరు రాజుతో యుద్ధం ముదురుతుంది. ఒకదానిలో పెన్న లేమికి గుర్తు కాగా, రెండోదానిలో పెన్న సీమ కరువు నుంచి పారిపోయి వచ్చినవాళ్ళ ఆశ. నెల్లూరుకు ‘కలిగిన సీమ’ అన్న పేరు అంత పాతది. ఆ పేరే మెట్టకు శాపమైంది. అనంతపురాన్ని కేంద్రం ఎడారి అభివృద్ధి పథకంలో చేర్చింది. ఉదయగిరి గోడు మాత్రం డెల్టా మాగాణులతో కలిపి తీసిన జిల్లా సగటులో కలిసిపోయింది.

కాలువ నీరు ఇద్దరికీ అందింది. అనంతపురానికి తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీనీవా. నెల్లూరుకు 78 టీఎంసీల సోమశిల, తెలుగుగంగతో కృష్ణ నీరు. కాలువ కింద పొలం తడిసింది, ఎత్తున ఉన్న చేను రెండుచోట్లా అలాగే మిగిలింది. కాబట్టి నేల తేమ పెరిగిందన్న మాట విన్నప్పుడు, ఏ కాలువ కింద, ఏ నెలలో అని అడగాలి.

ఇక్కడే రెండు సీమల గోడు ఒకటవుతుంది. 2016 నాటి కేంద్ర కరువు మార్గదర్శకాల్లో మొదటి గడప వాన లోటుది, వాన ఎడానిది. నేల తేమ ఆ తర్వాత చూసే సూచికల్లో ఒకటి. వాన ఎడాన్ని లెక్కలోకి తేవడం అనంతపురానికి మేలే. నెల్లూరుకు మాత్రం ఒక్క తుపాను చాలు, మొత్తం వానలెక్క గడప దాటేసి మెట్టను కరువు జాబితా బయట నిలబెట్టడానికి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం పన్నెండు రోజుల్లో రెండుసార్లు అదే నేల మీదికొచ్చి తడిని కూడా చూడగలదు. మూడు వారాల బెట్ట పంటను తినేసే చోట అది మూడు నాలుగు చూపులే, పైగా కనబడేది పైపొర తడే. అయినా ఊరి స్థాయిలో, తేదీ వారీగా పదును లెక్క రాసిపెట్టడం ఇప్పుడు కుదిరే పని. ఆ లెక్కను వానలెక్కతో సమానంగా మొదటి గడప దగ్గరే అడిగితే అనంతపురానికి పోయేదేమీ లేదు, ఉదయగిరికి మాత్రం దాని కరువు కాగితం మీద కనబడుతుంది.