పాయింట్లు సమానమే, యుద్ధం కాదు

కోట కిట్ బావుంది. ఫ్రేమ్‌లోంచి ముక్కలు తేలిగ్గా ఊడొస్తాయి, అతుకులు పెద్దగా కనబడవు. 28 మిల్లీమీటర్ల బొమ్మ గోడ మీద చక్కగా నిలబడుతుంది. బురుజులకి మట్టిరంగు పూసి, మా జనగామ పక్కనున్న ఖిలాషాపూర్ అనుకున్నాను. పేచీ అంతా రూల్‌బుక్‌తోనే.

దాని ప్రకారం రెండు వైపులా సమానమైన పాయింట్ల సైన్యం ఉండాలి. వార్‌హ్యామర్ ఆడేవాళ్లకి అలవాటైన పద్ధతే, న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఖిలాషాపూర్ అంటే సర్వాయి పాపన్న కోట. 1708లో వరంగల్ మీద పడ్డవాడు. కల్లుగీసే ఇంట్లో పుట్టి మొగల్ ఫౌజుకి ఎదురు తిరిగినవాడికి పాయింట్లు ఎవరు సమానం చేశారు? బల్ల మీద మనం చేస్తే ఆ కథలో అసలు సంగతే పోతుంది.

చిన్నప్పుడు గుడి అరుగు మీద బొగ్గుతో గీసుకుని ఆడిన పులి-మేకకి ఈ ఇబ్బంది లేదు. 3 పులులు, 15 మేకలు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేక చంపలేదు, అందరూ కలిసి పులిని కదలనివ్వకుండా కట్టేస్తాయి. బలం వేరు, గెలుపు కూడా వేరు. అయినా అన్యాయం అని ఎవరూ అలిగి లేచిపోరు.

అందుకే ఇంట్లో రూలు మార్చాం. మొగలులు కోట పట్టుకోవాలి, పాపన్న మనుషుల్లో సగం మంది బయటపడాలి. మొన్న ఆదివారం మా ఫ్రెండు కోటలో జెండా పాతి నవ్వాడు. నావాళ్లు అప్పటికే బల్ల అంచు దాటేశారు.

కిట్ కొనండి. రూల్‌బుక్‌ని మాత్రం సగమే నమ్మండి.