ఈ ఫైల్ ఎవరిది?

డెబియన్ వాడే కంప్యూటర్‌లో తెలుగు పేజీ తెరిచినప్పుడు ఒక ఒత్తు ఉండాల్సిన చోట ఉండకుండా పక్కకు జరిగిందనుకుందాం. తప్పు బ్రౌజర్‌దా, ఫాంట్‌దా తేలాలంటే ముందు ఆ మెషీన్‌లో ఏయే తెలుగు ఫాంట్లున్నాయో తెలియాలి. టెర్మినల్‌లో ‘ఎఫ్‌సీ-లిస్ట్ :ల్యాంగ్=టీఈ’ అని కొడితే తెలుగు రాయగల ఫాంట్ ఫైళ్లన్నీ పూర్తి పాత్‌లతో వస్తాయి. అందులోంచి పోతన2000.టీటీఎఫ్ పాత్ తీసుకుని ‘డీపీకేజీ --సెర్చ్’ పక్కన పెడితే ఒక్క లైన్‌లో జవాబు: ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా. లోహిత్-తెలుగు.టీటీఎఫ్ గురించి అడిగితే ఫాంట్స్-లోహిత్-తెలు. మొదటిది తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లను అందించే ప్యాకేజీ. రెండోది రెడ్‌హ్యాట్ విడుదల చేసిన లోహిత్ కుటుంబంలోది. ప్యాకేజీ పేరు చేతికొచ్చాక ‘ఆప్ట్ షో’ అంటే దాని వెర్షన్, దాన్ని చూసుకునే బృందం, ఈమెయిల్ అన్నీ బయటపడతాయి. ఆ ఒత్తు గురించి ఎవరికి రాయాలో తెలిసిపోతుంది.

లినక్స్ లోకంలో ముప్పై ఏళ్లుగా నిలిచిన పద్ధతి ఇది. ప్రతి సర్వే నంబరుకూ పహాణీలో, అడంగల్‌లో ఒక పేరు ఉన్నట్టే, ఇక్కడ ప్యాకేజీ ద్వారా వచ్చిన ప్రతి ఫైల్‌కూ లెక్కలో ఒక యజమాని ఉంటాడు. ప్యాకేజీ మేనేజర్ అనగానే ఇన్‌స్టాల్ చేయడం, తీసేయడమే గుర్తొస్తాయి. దాని అసలు గొప్పతనం ఈ లెక్క రాయడంలో ఉందని నేను నమ్ముతాను.

లెక్క ఎక్కడుందో చూడటానికి ప్రత్యేక హక్కులేమీ అక్కర్లేదు. డెబియన్, ఉబుంటుల్లో /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో అనే డైరెక్టరీ ఉంది. ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్యాకేజీ పేరుతో అక్కడ .లిస్ట్ అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. ఆ ప్యాకేజీ ఏయే ఫైళ్లను ఎక్కడ పెట్టిందో లైన్‌కొకటి చొప్పున రాసి ఉంటుంది. ‘డీపీకేజీ --సెర్చ్’ వెతికేది ఈ లిస్టుల్లోనే. ఇయాన్ మర్డాక్ 1993లో డెబియన్‌ను మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఇయాన్ జాక్సన్ దాని ప్యాకేజీ మేనేజర్ డీపీకేజీని సీ భాషలో తిరగరాశాడు. అప్పటి నుంచి ఈ లిస్టులు మామూలు టెక్స్ట్‌గానే ఉన్నాయి. ఇది నాకు చాలా ఇష్టమైన నిర్ణయం. సిస్టమ్ సగం పాడై కమాండ్లు పనిచేయని రోజున కూడా ఒక్క ‘గ్రెప్’ మిగిలితే చాలు, ఏ ఫైల్ ఎవరిదో చెప్పవచ్చు.

ఈ ఆలోచన డెబియన్‌ ఒక్కదానిదే కాదు. సొలారిస్‌లో మొత్తం సిస్టమ్ లెక్కంతా /వార్/శాడ్మ్/ఇన్‌స్టాల్/కంటెంట్స్ అనే ఒకే ఫైల్‌లో ఉండేది. స్లాక్‌వేర్ వాడినవాళ్లు /వార్/లాగ్/ప్యాకేజెస్ డైరెక్టరీలో గ్రెప్ కొట్టేవాళ్లు. 1995లో రెడ్‌హ్యాట్ లినక్స్‌తో వచ్చిన ఆర్‌పీఎం దారి మార్చి డేటాబేస్ పెట్టుకుంది. 2020లో ఫెడోరా 33 దాన్ని ఎస్‌క్యూలైట్‌కు మార్చింది. అక్కడ అడగాల్సింది ‘ఆర్‌పీఎం --క్వెరీ --ఫైల్’. ఆర్చ్‌లో ‘ప్యాక్‌మ్యాన్ --క్వెరీ --ఓన్స్’, ఆల్పైన్‌లో ‘ఏపీకే ఇన్ఫో --హూ-ఓన్స్’, ఫ్రీబీఎస్‌డీలో ‘పీకేజీ విచ్’. ఏ సిస్టమ్‌లోనైనా అడిగేది ఒకటే ప్రశ్న.

ఇప్పటిదాకా చెప్పిందంతా మెషీన్ మీద ఇప్పటికే ఉన్న ఫైళ్ల సంగతి. అసలు తలనొప్పి ఫైల్ లేనప్పుడు వస్తుంది. పైథాన్‌లో ఓపెన్‌సీవీ వాడే ప్రోగ్రామ్‌ను చిన్న డాకర్ ఇమేజ్‌లో పెట్టి నడపగానే లిబ్‌జీఎల్.ఎస్ఓ.1 దొరకలేదంటూ ఆగిపోవడం ఎంతోమంది చూసే ఉంటారు. ఈ ఎర్రర్‌కు నెట్‌లో దొరికే పాత జవాబు లిబ్‌జీఎల్1-మీసా-జీఎల్ఎక్స్ ఇన్‌స్టాల్ చేయమంటుంది. డెబియన్ 13లో, ఉబుంటు 24.04లో ఆ పేరుతో ప్యాకేజీయే లేదు. కాపీ చేసి అతికించినవాళ్లకు కొత్త ఎర్రర్ వస్తుంది. అదే ‘ఆప్ట్-ఫైల్ సెర్చ్ లిబ్‌జీఎల్.ఎస్ఓ.1’ అని అడిగినవాళ్లకు ఏ వెర్షన్ మీద ఉన్నారో దానికి తగిన సరైన పేరు, లిబ్‌జీఎల్1, దొరుకుతుంది. ఫెడోరాలో ‘డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్’ అదే ఫైల్‌కు లిబ్‌జీఎల్‌వీఎన్‌డీ-జీఎల్ఎక్స్ అని చెబుతుంది. సీ ప్రోగ్రామ్ కంపైల్ చేస్తుండగా జెడ్‌లిబ్.హెచ్ లేదంటే జెడ్‌లిబ్1జీ-డెవ్ అని తేలేదీ ఇలాగే.

ఆప్ట్-ఫైల్ పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. డెబియన్ సర్వర్లలో ప్రతి ఆర్కిటెక్చర్‌కూ కంటెంట్స్ అనే పెద్ద సూచిక ఉంటుంది: ఎడమ పక్క ఫైల్ పాత్, కుడి పక్క ప్యాకేజీ పేరు. డెబియన్ 13లో ప్యాకేజీలు దాదాపు 70 వేలు. వాటిలో ఒక్కదాన్నీ దించుకోకుండానే అన్నింటి ఫైళ్లనూ వెతకగలగడం ఈ సూచిక పుణ్యమే. ఆప్ట్-ఫైల్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని, ఒకసారి అప్‌డేట్ కొట్టాలి. లేకపోతే వెతకడానికి సూచికే ఉండదు.

ఇక చిక్కుముళ్లు. కొత్తవాళ్లు ‘డీపీకేజీ --సెర్చ్’ మీద నమ్మకం పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. డెబియన్ 12లో ‘విచ్ ఎల్‌ఎస్’ అంటే /యూఎస్‌ఆర్/బిన్/ఎల్‌ఎస్ అని వస్తుంది. దాన్నే డీపీకేజీని అడిగితే అలాంటిదేమీ లేదంటుంది. ఎల్‌ఎస్ కోర్‌యుటిల్స్ ప్యాకేజీదని అందరికీ తెలుసు, మరి ఎందుకిలా? /బిన్ అనే డైరెక్టరీ ఇప్పుడు /యూఎస్‌ఆర్/బిన్‌కు వేసిన సింబాలిక్ లింక్ మాత్రమే. లిస్టులో మాత్రం పాత పాత్ /బిన్/ఎల్‌ఎస్ అనే రాసి ఉంది. డీపీకేజీ లింకుల వెంట వెళ్లి చూడదు. రాసి ఉన్న అక్షరాలనే పోలుస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 /బిన్ లాంటి డైరెక్టరీల్లోని ఫైళ్లన్నింటినీ /యూఎస్‌ఆర్ కిందికి చేర్చింది కాబట్టి అక్కడ ఇది తలకిందులైంది: కొత్త పాత్ పనిచేస్తుంది, పాతది పనిచేయదు. నేను వాడే ఉపాయం ముందు నక్షత్రం గుర్తు పెట్టి, కోట్స్ మధ్య ‘*/బిన్/ఎల్‌ఎస్’ అని అడగడం. రెండు వెర్షన్లలోనూ జవాబు వస్తుంది. పాత్‌ను స్లాష్‌తో మొదలుపెడితే డీపీకేజీ అచ్చంగా అదే వెతుకుతుంది. వట్టి మాట ఇస్తే ఆ మాట ఎక్కడున్నా పట్టుకొస్తుంది. ఈ తేడా తెలియక పేజీలకు పేజీల జవాబు చూసి బెదిరిపోయేవాళ్లున్నారు.

‘వీఐ’ సంగతి వేరు. అది /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్ మీదుగా వెళ్లే లింక్. ప్యాకేజీ లోపల లేదు, ఇన్‌స్టాల్ అయ్యాక స్క్రిప్ట్ సృష్టించింది. ముందు ‘రీడ్‌లింక్ -ఎఫ్’తో చివరి ఫైల్ ఏదో తేల్చుకుని, దాని గురించి అడగాలి. /ఈటీసీ/పాస్‌డబ్ల్యూడీ ఫైల్ లాంటివి కూడా ఇన్‌స్టాల్ సమయంలో తయారైనవే. ఏ లిస్టులోనూ ఉండవు. పిప్‌తో వచ్చినవీ, చేత్తో కాపీ చేసినవీ అంతే.

లెక్కలో లేని ఫైళ్లు ఎంత ప్రమాదమో 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు తెలిసింది. ఆ జార్ ఫైల్ ఎన్నో అప్లికేషన్ల కడుపులో కాపీలుగా ఉండిపోయింది. ప్యాకేజీ మేనేజర్‌ను అడిగితే తెలియదంటుంది. జనం డిస్కులన్నీ గాలించాల్సి వచ్చింది.

2024 మార్చి 29న మరో రకం పరీక్ష ఎదురైంది. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, తవ్వుకుంటూ వెళ్లి ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాచిన దొంగదారిని పట్టుకున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ నేరుగా ఎక్స్‌జెడ్‌ను వాడదు. అప్పట్లో డెబియన్‌లో అది సిస్టమ్‌డీ లైబ్రరీని పిలిచేది, ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్‌లో భాగమైన లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏను తెచ్చుకునేది. ఆ దొంగదారి మన సర్వర్‌లో ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు దారి మాత్రం చిన్నదే: ‘ఎల్‌డీడీ’తో ఎస్‌ఎస్‌హెచ్‌డీ లోడ్ చేసే లైబ్రరీలు చూడటం, లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ ఫైల్ ఏ ప్యాకేజీదో అడగడం, లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ5 వెర్షన్ చూడటం. డెబియన్ 12 వాడుతున్నవాళ్లకు 5.4.1 కనిపించింది, ఊపిరి పీల్చుకున్నారు.

ఫైల్ ఎవరిదో తెలిశాక, అది వచ్చినప్పటిలాగే ఉందా అని కూడా అడగవచ్చు. ప్యాకేజీతోపాటే ప్రతి ఫైల్‌కూ చెక్‌సమ్ వస్తుంది. ‘డీపీకేజీ --వెరిఫై’ దానితో పోల్చి, మారినవాటిని చూపిస్తుంది. ఆర్‌పీఎంలోనూ ఇదే మాటతో ఇదే పని జరుగుతుంది. రెండు ప్యాకేజీలు ఒకే ఫైల్ మీద పట్టుబడితే డీపీకేజీ ఇన్‌స్టాల్ ఆపేసి, ఆ ఫైల్ ఇప్పటికే ఫలానా ప్యాకేజీలో ఉందని పేరుతో సహా చెబుతుంది.

కంటైనర్ ఇమేజ్‌లను తనిఖీ చేసే ట్రివీ లాంటి స్కానర్లు మొదట తెరిచేది కూడా ప్యాకేజీ మేనేజర్ రాసిన ఈ లెక్కనే. సైజు తగ్గించాలని డాకర్‌ఫైల్ చివర /వార్/లిబ్/డీపీకేజీని తుడిచేసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ లైన్ తీసేయండి. కొన్ని మెగాబైట్లు మిగులుతాయేమో గానీ, లోపలున్న లైబ్రరీల్లో ఏది ఏ ప్యాకేజీదో, ఏ వెర్షనో స్కానర్‌కు తెలియదు. తెలిసిన లోపాలు కూడా రిపోర్టులోకి రావు.