పేరు చెప్పనివారు, పేరు లేనివారు - ‘జూలియా’ చిత్ర విమర్శ

స్త్రీల మధ్య స్నేహాన్ని ఇతివృత్తంగా తీసుకున్న హాలీవుడ్ చిత్రాలు చాలా వున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఆ స్నేహాన్ని ఇంటి గడప దాటనివ్వవు. ప్రేమ, పెళ్లి, జబ్బు, చావు - ఈ నాలుగు రాటల మధ్యనే ఆ పందిరి. 1977లో విడుదలైన ‘జూలియా’ ఆ పందిరి దాటి బయటికి వచ్చిన చిత్రం. ఇందులో ఒక స్త్రీ తన స్నేహితురాలిని కోరేది ఓదార్పు కాదు. నాజీల బెర్లిన్‌లోకి రహస్యంగా డబ్బు చేరవెయ్యమని కోరుతుంది. స్నేహానికి రాజకీయ బాధ్యత వున్నదని చెప్పిన చిత్రం గనుక, మనబోటివారు దీన్ని మెచ్చుకోవటం సహజం. అయితే మెచ్చుకోవటంతోనే విమర్శకుని పని పూర్తి కాదు. ఈ చిత్రాన్ని తయారుచేసిన వారెవరు? వారిలో ఎవరి పేర్లు తెరమీదికి వచ్చాయి, ఎవరి పేరు రాలేదు? ఈ ప్రశ్నలతో దీన్ని పరిశీలించటమే నా ఉద్దేశం.

చిత్రం చూడని పాఠకుల కోసం కథను క్లుప్తంగా చెబుతాను. లిలియన్, జూలియా చిన్ననాటి నేస్తాలు. జూలియా గొప్ప ధనిక కుటుంబపు బిడ్డ; అయినా ఆ ధనికుల జీవితాన్ని అసహ్యించుకున్న బిడ్డ. వైద్యవిద్య కోసం వియన్నా వెళ్లి, సోషలిస్టులతో చేరి, ఫాసిస్టు మూకల దాడిలో గాయపడుతుంది. లిలియన్ అమెరికాలో రచయిత డాషియల్ హామెట్‌తో కలిసి జీవిస్తూ, నాటకరచన సాధన చేసి కీర్తి సంపాదిస్తుంది. 1937లో ఆమె మాస్కో నాటకోత్సవానికి బయలుదేరినప్పుడు, బెర్లిన్ మీదుగా వెళ్లి 50,000 డాలర్లు అందజెయ్యమని జూలియా కబురు పంపుతుంది. ఖైదీలనూ యూదులనూ విడిపించటానికి ఆ డబ్బు. లిలియన్‌కు భయం ఎక్కువ. అయినా వెళుతుంది. బొచ్చుటోపీలో దాచిన డబ్బు సరిహద్దు దాటుతుంది. బెర్లిన్‌లో ఒక కాఫీ హోటల్లో నేస్తాలిద్దరూ కొద్ది నిమిషాలు కలుసుకుంటారు. జూలియాకు ఇప్పుడు ఒక కాలు లేదు. ఆమెకొక పాప, పాప పేరు లిల్లీ. కొంతకాలానికి జూలియా హత్యకు గురవుతుంది. పాప కోసం లిలియన్ ఎంత వెతికినా జాడ దొరకదు.

ఈ కథకు తెరరూపమిచ్చిన వారిలో కొందరికి ఫాసిజం పుస్తకాలలో చదువుకున్న విషయం కాదు. దర్శకుడు ఫ్రెడ్ జిన్నెమన్ 1907లో ఆనాటి ఆస్ట్రియా-హంగరీలో ఒక యూదు కుటుంబంలో పుట్టి, వియన్నాలో పెరిగాడు. అమెరికా చేరి చిత్ర దర్శకుడయ్యాడు. తల్లినీ తండ్రినీ నాజీల మారణకాండ పొట్టన పెట్టుకున్నది. ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ 1939లో డాంజిగ్ నగరంలోనూ పోలండ్‌లోనూ కెమెరాతో తిరిగి, నాజీల దౌర్జన్యాన్ని కళ్లారా చూసి చిత్రీకరించినవాడు. అందువల్లనే కాబోలు, ఈ చిత్రంలో నాజీలు బూట్లు టకటకలాడిస్తూ కేకలు వెయ్యరు. రైల్వే స్టేషన్‌లో మర్యాదగా టిక్కెట్టు అడిగే మనిషి, సరిహద్దులో పెట్టె సవరించుకోమనే గుమాస్తా, హోటల్లో పక్కబల్ల దగ్గర కూర్చున్న ఆసామి - వీరిలో ఎవరు మిత్రుడో ఎవరు శత్రువో లిలియన్‌కు తెలియదు, మనకూ తెలియదు. ఫాసిజం దైనందిన జీవితంలోకి ఎట్లా ప్రవేశిస్తుందో ఇంతకన్న బాగా చూపటం కష్టం.

తారల మాటకు వస్తే, లిలియన్ పాత్ర ధరించిన జేన్ ఫోండా అంతకు అయిదేళ్ల క్రితం, 1972లో, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ హనోయ్ వెళ్లి స్వదేశంలో దేశద్రోహి అనిపించుకున్నది. జూలియా పాత్ర ధరించిన వెనెస్సా రెడ్‌గ్రేవ్ బ్రిటన్‌లో వామపక్ష అభ్యర్థిగా పార్లమెంటుకు పోటీచేసింది. 1977లోనే పాలస్తీనీయుల పక్షాన ఒక డాక్యుమెంటరీ నిర్మించింది. హోటల్ దృశ్యంలో వీరిద్దరి నటన చూడండి. లిలియన్ కళ్ల నీళ్లు ఆపుకోలేదు. జూలియా చిరునవ్వు చెదరనివ్వదు. ఆ చిరునవ్వు ప్రేమ వల్ల వచ్చింది, జాగ్రత్త వల్ల కూడా వచ్చింది. చూస్తున్నవారికి అనుమానం రాకూడదు గదా! స్నేహితురాలి కోసం ఏడవటానికైనా వ్యవధి లేని కాలాన్ని ఆ కొద్ది నిమిషాలలో వారు మన కళ్లముందు నిలిపారు.

1978 ఏప్రిల్‌లో ఆస్కార్ సభ జరిగింది. చిత్రానికి 11 నామినేషన్లు, 3 బహుమతులు: సహాయనటిగా రెడ్‌గ్రేవ్‌కు, హామెట్ పాత్ర ధరించిన జేసన్ రాబర్డ్స్‌కు, చిత్రానువాదం రాసిన ఆల్విన్ సార్జెంట్‌కు. బయట ఆమె డాక్యుమెంటరీకి వ్యతిరేకంగా ప్రదర్శన జరుగుతున్నది. ఆమె వేదికమీద ఆ ప్రదర్శనకారులను జియోనిస్టు రౌడీమూక అని ఖండించి, అదే నోటితో యూదు ద్వేషానికీ ఫాసిజానికీ వ్యతిరేకంగా పోరాడతానని మాట ఇచ్చింది. అదే సభలో రచయిత పాడీ చాయెఫ్‌స్కీ ఆమెను ఎదుర్కొని, బహుమతి సభను రాజకీయ ప్రచారానికి వాడుకోవటం తనకు రోత అన్నాడు. ఫాసిస్టు వ్యతిరేకి పాత్రకు బహుమతి ఇవ్వటానికి అభ్యంతరం లేదు. ఆ పాత్రధారిణి తన కాలపు రాజకీయం మాట్లాడితేనే అభ్యంతరం!

మరొక సంగతి కూడా గుర్తించాలి. ఇద్దరు స్త్రీల స్నేహకథకు నిర్మాత, దర్శకుడు, చిత్రానువాదకుడు, ఛాయాగ్రాహకుడు, ఎడిటర్ వాల్టర్ మర్చ్, సంగీతకర్త జార్జ్ డెలెరూ - అందరూ పురుషులే. ముఖ్య సాంకేతికులలోని స్త్రీలలో దుస్తులు రూపొందించిన ఆంథియా సిల్బర్ట్ ఒకరు. మూలకథ మాత్రం స్త్రీది. ఆ మూలం దగ్గరే అసలు చిక్కు వచ్చింది.

మూలం లిలియన్ హెల్‌మన్ 1973లో ప్రచురించిన ‘పెంటిమెంటో’ అనే స్మృతుల పుస్తకం. కథానాయిక లిలియన్ ఆవిడే. ఆవిడా హామెట్ సామాన్యులు కారు. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజులలో, 1951లో, పౌరహక్కుల కాంగ్రెసు జామీను నిధికి చందాలిచ్చినవారి పేర్లు చెప్పమంటే హామెట్ చెప్పలేదు; జైలుకు వెళ్లాడు. 1952లో విచారణ సంఘం ముందు హెల్‌మన్ తన గురించి చెబుతాను గాని ఇతరుల పేర్లు చెప్పనన్నది. తోటివారి పేర్లు చెప్పకపోవటం వారి జీవితాలలోకెల్లా గొప్ప పని.

కాని జూలియా అసలు పేరేమిటి? హెల్‌మన్ చెప్పలేదు. 1983లో మ్యూరియల్ గార్డినర్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలు ‘కోడ్ నేమ్ మేరీ’ అనే స్మృతులు ప్రచురించింది. చికాగో ధనిక కుటుంబంలో 1901లో పుట్టి, వియన్నా వెళ్లి, వైద్యం చదివి, 1934 తర్వాత అజ్ఞాత సోషలిస్టులకు తన ఇంట్లో తావిచ్చి, దొంగ పాస్‌పోర్టులు చేరవేసిన స్త్రీ ఆమె. ఆమెకూ ఒక కూతురు. జూలియాకూ ఆమెకూ ఇన్ని పోలికలున్నా, తాను హెల్‌మన్‌ను ఎన్నడూ కలుసుకోలేదని గార్డినర్ చెప్పింది. ఇద్దరికీ ఒకే న్యాయవాది స్నేహితుడు. ఆయన ద్వారా ఆ కథ హెల్‌మన్ చెవిన పడి వుండవచ్చు. ఆస్ట్రియా ప్రతిఘటనోద్యమ పత్రాగారంలో విచారిస్తే, అటువంటి అమెరికన్ స్త్రీ మేరీ తప్ప మరొకరు తెలియదని జవాబు వచ్చింది. హెల్‌మన్ మాత్రం తన జూలియా గార్డినర్ కాదనే చెప్పింది. అంతకు ముందే, 1980 జనవరిలో, రచయిత్రి మేరీ మెకార్తీ టెలివిజన్‌లో హెల్‌మన్ రాతలన్నీ అబద్ధాలని నిందించింది. హెల్‌మన్ 22.5 లక్షల డాలర్లకు దావా వేసింది. 1984లో ఆమె మరణంతో ఆ దావా ముగిసిపోయింది.

దీనిమీద రెండు రకాల వాదాలు వినిపిస్తాయి. కథ అబద్ధం గనుక చిత్రమూ అబద్ధమేనంటారు కొందరు. కళకు నిజంతో పనేమిటి, అనుభూతి కలిగితే చాలదా అంటారు మరికొందరు. నాకు రెండూ సమ్మతం కావు. మొదటి వాదం ఫాసిస్టు వ్యతిరేక పోరాటాన్నే అపహాస్యం చెయ్యటానికి పనికివస్తుంది. వియన్నాలో దొంగ పాస్‌పోర్టులతో బతికి బయటపడ్డవారు కల్పితం కారు. రెండో వాదం అంతకన్న ప్రమాదకరం. ఒక కార్మికుడి శ్రమఫలాన్ని మరొకడు తన పేర అమ్ముకుంటే మనం దోపిడీ అంటాం. ఒక స్త్రీ సాహసాన్ని మరొకరు తన స్మృతిగా అచ్చువేసుకుంటే దానికి వేరే మర్యాదపేరు ఎందుకు పెట్టాలి? అజ్ఞాత కార్యకర్త పేరు దాచటం ఒకటి; ఆ అజ్ఞాతాన్ని ఆసరా చేసుకుని ఆమె జీవితాన్ని వాడుకోవటం మరొకటి. మొదటిది ప్రాణాలు కాపాడింది. రెండవది కీర్తి సంపాదించింది. ఆత్మకథలను పాఠంగా చెప్పే అధ్యాపకుడిగా ఈ తేడాను విద్యార్థులకు చెప్పటం నా విధి అనుకుంటాను.

చిత్రంలోని లోపం కూడా ఇక్కడి నుంచే పుట్టింది. ఒకే ఒక్క అద్భుత స్త్రీ, ఆమెను ఆరాధించే రచయిత్రి - ఈ చట్రంలో ఉద్యమం ఇమడలేదు. 1934 ఫిబ్రవరిలో డాల్ఫస్ ప్రభుత్వం వియన్నా కార్మికుల ఇళ్లమీద ఫిరంగులు పేల్చింది. తెరమీద మనం ముఖ్యంగా చూసేది విశ్వవిద్యాలయంలో విద్యార్థులపై జరిగిన దాడి. కార్మికులు నేపథ్యంలో కలిసిపోయారు.

అయినా ఒక ఘట్టంలో చిత్రం తన చట్రాన్ని తానే దాటింది. బెర్లిన్ వెళ్లే రైలుపెట్టెలో లిలియన్ ఎదుట ఇద్దరు స్త్రీలు కూర్చుంటారు. ఒకరు మధ్యవయస్కురాలు, ఒకరు పడుచుపిల్ల. డోరా డాల్, ఎలిజబెత్ మార్టెన్సెన్ ధరించిన ఈ పాత్రలకు పేర్లు లేవు. పట్టికలో వారు కేవలం ప్రయాణికులు. వారు ఉద్యమానికి చెందినవారని లిలియన్‌కు నెమ్మదిగా అర్థమవుతుంది. ఎప్పుడు ఏం చెయ్యాలో చూపుతోనే చెబుతారు. సరిహద్దు దాటించి, ఎవరి దారిన వారు వెళ్లిపోతారు. వారికి లిలియన్‌తో చిన్ననాటి జ్ఞాపకాలు లేవు. మళ్లీ కలుసుకునే ఆశ లేదు. పట్టుబడితే ముగ్గురికీ ఒకటే గతి. స్త్రీల స్నేహానికి హాలీవుడ్ చూపిన రూపాలలో ఇంత నిస్వార్థమైనది నాకు మరొకటి కనిపించలేదు. చిత్రం పేరు జూలియా అయినా, గార్డినర్ వంటివారు వెయ్యిమంది చేసిన పని ఈ ఇద్దరిలో వున్నది.

కనుక మన కళాశాలల్లో, ఫిల్మ్ సొసైటీలలో ‘జూలియా’ను ప్రదర్శించాలనే నా అభిప్రాయం. తారల గురించీ, దర్శకుని గురించీ పరిచయం ఎలాగూ చేస్తాం. దానితోపాటు, ప్రదర్శనకు ముందు మ్యూరియల్ గార్డినర్ పేరు చెప్పి, ఆమె చేసిన పని నాలుగు మాటలలో వివరించాలి. చిత్రం ముగిసిన తర్వాత చర్చను రైలుపెట్టెలోని ఆ ఇద్దరు స్త్రీల నుంచి మొదలుపెట్టాలి. విద్యార్థులు ఎవరి పక్షాన ఆలోచిస్తారో అప్పుడు తెలుస్తుంది.