కమాండ్ కట్టే పద్ధతి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రి దగ్గరికి ఒకసారి టాటా ఛాసిస్ వస్తుంది, ఇంకోసారి అశోక్ లేలాండ్ వస్తుంది. రెంటికీ పనితనం ఒకటే. ఛాసిస్ మీద బిగించే చోట మాత్రం దేని కొలత దానిదే. షెల్ కమాండ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కూ ఈ నేర్పే కావాలి. ఒకే ప్రోగ్రామ్ లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడవాలంటే వాటి తేడాలన్నిటినీ ఒక్కచోటే పరిష్కరించాలి.

ఆటోనగర్‌లోనే ఒక స్పేర్ పార్టుల కొట్టు ఉందనుకుందాం. రోజూ రాత్రి బిల్లుల ఫైళ్లు ఇంకో డిస్కులోకి కాపీ కావాలి. ఒక ఫైలు పేరు ‘మార్చి గేర్‌బాక్స్ బిల్లు’. ప్రోగ్రామర్ కాపీ కమాండ్ పక్కన ఈ పేరు అతికించి షెల్‌కు ఇచ్చాడు. షెల్ దృష్టిలో ఖాళీ వచ్చిందంటే ఒక మాట అయిపోయినట్టే. కాబట్టి అది ఒక్క ఫైలు బదులు మూడు ఫైళ్ల కోసం వెతికి, దొరకలేదంటుంది. అంతటితో పోతే నయమే. ఎవరైనా ఆ పేరులో సెమీకోలన్ పెట్టి, దాని వెనుక ఫైళ్లు చెరిపే కమాండ్ రాస్తే షెల్ దాన్నీ నడిపేస్తుంది. దీన్నే కమాండ్ ఇంజెక్షన్ అంటారు.

తప్పు షెల్‌ది కాదు. 1971లో యూనిక్స్‌తో వచ్చిన కెన్ థాంప్సన్ షెల్ అయినా, 1979 నాటి బోర్న్ షెల్ అయినా కీబోర్డు ముందు కూర్చున్న మనిషిని కూడా దృష్టిలో పెట్టుకుని పుట్టినవే. ఖాళీల దగ్గర విడగొట్టడం, నక్షత్రం గుర్తు పెడితే ఫైళ్ల పేర్లన్నీ తెచ్చివ్వడం మనిషి వేళ్లకు శ్రమ తగ్గించే సదుపాయాలు. ప్రోగ్రామ్‌కు వాటితో పనిలేదు.

అందుకే మొదటి సూత్రం: కమాండ్‌ను ఒక వాక్యంగా కాక జాబితాగా ఉంచాలి. ప్రోగ్రామ్ పేరు ఒకటి, ఆ తర్వాత ఒక్కో ఆర్గ్యుమెంట్ విడివిడిగా. యూనిక్స్ కెర్నల్ తీసుకునేది జాబితానే కనుక ఖాళీలున్న పేరు చెక్కుచెదరకుండా చేరుతుంది. 2004లో పైథాన్ 2.4తో వచ్చిన సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ ఈ దారే పట్టింది. షెల్ కావాలంటే ప్రత్యేకంగా అడగాలి. అడగకపోతే అది మధ్యలోకి రాదు.

జాబితా ఉన్నంత మాత్రాన అన్నీ తీరవు. ఫైలు పేరు అడ్డగీతతో మొదలైతే చాలా ప్రోగ్రాములు దాన్ని ఆప్షన్ అనుకుంటాయి. పేరుకు ముందు రెండు అడ్డగీతలు విడిగా పెట్టి, ఇక్కడితో ఆప్షన్లు అయిపోయాయని చెప్పడం యూనిక్స్ ఆనవాయితీ. తెలుగు పేర్లతో ఇంకో చిక్కు: లినక్స్‌లో ఫైలు పేరు బైట్ల వరస, విండోస్‌లో 16 బిట్ల యూనిట్ల వరస. మధ్యలో పాత కోడ్‌పేజీ ఏదైనా దూరితే అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. అందుకని కమాండ్లు కట్టే ఇంటర్‌ఫేస్ ఫైలు పేరును ఆ సిస్టమ్ ఇచ్చిన రూపంలోనే మోయాలి.

అసలు కష్టం విండోస్ దగ్గర ఉంది. అక్కడ కొత్త ప్రాసెస్‌కు వెళ్లేది ఒక్క పొడవాటి వరస, గరిష్ఠంగా 32,767 అక్షరాలు. దాన్ని తిరిగి విడగొట్టుకునే బాధ్యత నడిచే ప్రోగ్రామ్‌దే. చాలా ప్రోగ్రాములు మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీ నియమాలు పాటిస్తాయి. బ్యాచ్ ఫైళ్లను నడిపే సీఎండీ షెల్‌కు మాత్రం వేరే నియమాలు. శాతం గుర్తుకు కొటేషన్ల లోపల కూడా ప్రత్యేకార్థం ఉంటుంది. కాబట్టి కొటేషన్లు తగిలించే పని చివరి మెట్టు దాకా ఆపి, ఏ ప్రోగ్రామ్ నడవబోతోందో తెలిశాకే చేయాలి.

ఈ తేడా ఎంత ప్రమాదకరమో 2024 ఏప్రిల్‌లో బయటపడింది. జాబితా పద్ధతినే పాటించే రస్ట్ భాష లైబ్రరీలో, విండోస్ బ్యాచ్ ఫైళ్లకు ఆర్గ్యుమెంట్లు పంపే చోట లోపం దొరికింది. తీవ్రత 10కి 10గా లెక్కగట్టారు. వెంటనే 1.77.2 వెర్షన్ విడుదల చేశారు. అందులో కొటేషన్ల పద్ధతి మెరుగుపరచడంతో పాటు ఇంకో పని చేశారు: ఏ ఆర్గ్యుమెంట్‌నైనా భద్రంగా పంపే దారి లేకపోతే లైబ్రరీ ఆ కమాండ్ నడపదు, ఎర్రర్ ఇస్తుంది. రాత్రి బిల్లులు కాపీ కాలేదని పొద్దున్నే తెలిస్తే మళ్లీ కాపీ చేసుకోవచ్చు. పొరపాటు కమాండ్ నడిచి బిల్లులే చెరిగిపోతే కాపీ చేయడానికి ఏమీ మిగలదు. భద్రంగా కట్టలేని కమాండ్‌ను కట్టనని చెప్పగలిగిందే మంచి ఇంటర్‌ఫేస్.