సూ ఎలెన్ పుట్టింటికి వెళ్ళిందా?

‘డాలస్’ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో సూ ఎలెన్ భర్తతో పొసగక చంటిబిడ్డను తీసుకొని ఇల్లు విడిచిపోతుంది. ఇజ్రాయెల్‌లో ఆ భాగాన్ని చూసిన ఒక అరబ్బు బృందం, ఆమె తన తండ్రి ఇంటికి చేరిందని చెప్పింది. కథలో ఆమె చేరింది పూర్వ ప్రియుడు తన తండ్రితో కలిసి ఉంటున్న ఇంటికి. బొమ్మ కళ్ళెదుట ఉంది, కింద ఉపశీర్షికలూ ఉన్నాయి. అయినా చూసినవారు కథను తాము ఎరిగిన మర్యాదలోకి తెచ్చుకొన్నారు. మొగుడిమీద అలిగిన పిల్ల పోవలసింది పుట్టింటికే కదా!

దీనిని ప్రేక్షకుల అజ్ఞానంగా కొట్టివేయకపోవడమే ఎలిహు కాట్స్ గొప్పతనమని మేము భావిస్తున్నాము. తమార్ లీబ్స్‌తో కలిసి ఆయన 1990లో ప్రకటించిన ‘ది ఎక్స్‌పోర్ట్ ఆఫ్ మీనింగ్’ గ్రంథానికి ఇటువంటి సంభాషణలే ఆధారం. అమెరికా కార్యక్రమం లోకాన్నంతా ఒకే మూసలో పోస్తుందని పండితులు గట్టిగా వాదిస్తున్న కాలమది. ఆ వాదం నిజమో కాదో చూసేవారినే అడగాలని వీరు బయలుదేరారు. అరబ్బులు, మొరాకో నుంచి వచ్చిన యూదులు, రష్యా నుంచి కొత్తగా వచ్చినవారు, కిబ్బుట్జ్‌వాసులు, లాస్ ఏంజెలిస్‌లోని అమెరికన్లు - ఎవరి ఇళ్ళలో వారిని, ఇరుగుపొరుగు దంపతులతో కూర్చోబెట్టి, చూసిన కథను చూడనివారికి చెప్పినట్లు చెప్పమన్నారు. ఆ ధారావాహిక నిలదొక్కుకోలేకపోయిన జపాన్‌లోనూ ఇదే పని చేశారు.

కాట్స్ 1926లో న్యూయార్కులో పుట్టి, 2021 చివరిరోజున కన్నుమూశారు. పాల్ లాజర్స్‌ఫెల్డ్‌తో కలిసి రాసిన ‘పర్సనల్ ఇన్‌ఫ్లుయెన్స్’ 1955లో వచ్చింది. ఇలినాయ్ రాష్ట్రంలోని డెకటూర్ పట్టణంలో దాదాపు 800 మంది స్త్రీలను అడిగి 1945లో సేకరించిన సమాచారం దానికి ఆధారం. పత్రికలు, రేడియో చెప్పే మాట జనం చెవిలో సూటిగా పడదనీ, నలుగురూ గౌరవించే మనిషి నోటిమీదుగా చేరుతుందనీ ఆ గ్రంథం చెప్పింది. మన పల్లెలో రచ్చబండ ఎరిగినవారికి ఇది కొత్త కాకపోవచ్చు. దానిని లెక్కకట్టి చూపడం మాత్రం కొత్తే. తరువాత ఇజ్రాయెల్‌లో 1968లో టెలివిజన్ ఆరంభించే బాధ్యత ఆయన మీదనే పడింది. పరిశోధకుడికి తాను విమర్శించే యంత్రాన్ని స్వయంగా నడిపే అవకాశం అరుదుగా వస్తుంది.

1992లో డేనియల్ దయాన్‌తో రాసిన ‘మీడియా ఈవెంట్స్’ ఎక్కువ పేరు తెచ్చింది. 1977లో సాదత్ జెరూసలెం రాక వంటి ప్రత్యక్ష ప్రసారాలు దేశాన్నంతా ఒక కుటుంబంగా కూర్చోబెడతాయని అందులోని వాదం. మాకు ఆ గ్రంథం మరీ మంగళప్రదంగా తోచింది. 2007లో ఆయనే లీబ్స్‌తో కలిసి, యుద్ధమూ ఉగ్రవాదమూ విపత్తులూ ఆ ఉత్సవాలను పక్కకు నెట్టాయని రాశారు. ఎనభై దాటాక తన మాటను తానే సవరించుకొన్న ఆచార్యుడు గౌరవించదగినవాడు.

మా అభ్యంతరం ‘డాలస్’ గ్రంథం పట్లనే. అరబ్బులు, మొరాకో యూదులు కథను మొదటినుంచి చివరివరకు వరుసగా చెప్పారు. రష్యా వారు కథను వదలి దాని వెనుక ఉద్దేశాన్ని పట్టుకొన్నారు. అమెరికన్లు, కిబ్బుట్జ్‌వాసులు పాత్రల మనస్తత్వాన్ని విప్పారు. ఈ విభజన చక్కగానే ఉంది. వరుసగా చెప్పేవారు నీతి ప్రశ్నను ముందుకు తెచ్చి కథను గట్టిగా ఎదిరించారని గ్రంథకర్తలు గుర్తించారు కూడ. అయితే కథ చెప్పడమన్నది ఒక్కొక్క భాషాసమాజంలో ఒక్కొక్క ప్రక్రియ. ‘చెప్పండి’ అంటే ఒకచోట మొదలుపెట్టి చెప్పడం, మరొకచోట తీర్పు ఇవ్వడం. ఆ అలవాటును మనస్సు తీరుగా ఎంచడం తొందరపాటు. పైగా ఆ సంభాషణలు మన చేతికి వచ్చింది ఇంగ్లీషులో. సూ ఎలెన్ ‘తండ్రి ఇంటికి’ పోయిందన్న ఆ మనిషి తన భాషలో ఏ మాట వాడాడు? మన ‘పుట్టిల్లు’ వంటి మాట ఆ నోట ఉంటే, సగం అర్థం ఆ మాటే చేసిపెట్టి ఉంటుంది. చెప్పినవాడు కథను మార్చాడా, భాష మార్చిందా అన్న ప్రశ్న గ్రంథంలో అడగనిదిగానే మిగిలింది.

పరభాషల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఈ ప్రశ్న దూరపుది కాదు. మా ఇంట ఒక పెద్దావిడ హిందీ ధారావాహిక చూసి, వంటింట్లో ఉన్నవారికి తెలుగులో చెప్పేవారు. అక్కడి బువా, మామీ, సాస్ ముగ్గురూ ఆమె నోట ‘అత్త’లైపోయారు. అత్త అత్తను ఎందుకు తిడుతోందో వినేవారికి అంతుబట్టలేదు. మేనత్త అనవచ్చు, అత్తగారు అనవచ్చు. మాటల వేగంలో ఆ తేడా నిలవలేదు. చివరకు ఆవిడ ఒకరికి ‘నగల అత్త’ అని పేరు పెట్టి కథ నడిపించారు. ఆ నగల అత్త క్రమంగా మా ఇంట అసలు కథలో కంటె చెడ్డదైపోయింది.

హోసూరులోనో బరంపురంలోనో యానాంలోనో ఎవరైనా ఈ పనికి పూనుకొంటే మేము కోరేది ఒక్కటే. అమ్మమ్మ చెప్పిన కథను ఆమె మాటల్లోనే, ఇంటి యాసతో, మధ్యలో దూరిన తమిళమో ఒడియానో దిద్దకుండా ముందు తెలుగు లిపిలో రాసిపెట్టండి. అనువాదం ఆ తరువాత చూసుకొందాము.