కొత్తవాళ్ల చేతికి రిమోట్

మోడల్ విమానాల క్లబ్బులో సభ్యులు తగ్గిపోతున్నారనగానే పోస్టర్లు వేద్దామా, వాట్సాప్ గ్రూపు పెడదామా అని చర్చ మొదలవుతుంది. నా లెక్కలో అదంతా తర్వాతి సంగతి. ఆదివారం పొద్దున కంచె బయట నిలబడి తలెత్తి చూస్తున్న మనిషిని లోపలికి ఎవరు పిలుస్తారు, పిలిచాక అతని చేతికి ఏమిస్తారు అన్నదే అసలు సంగతి. బ్రిటన్‌లో ఈ హాబీకి జాతీయ సంఘం 1922 నుంచీ ఉంది. అమెరికాలో అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ 1936లో పుట్టింది. కొత్తవాళ్లను చేర్చుకోవడంలో అక్కడి క్లబ్బులకు చేయి తిరిగింది.

నిజానికి ఒకప్పుడు వాళ్లకూ ఈ బెంగ లేదు. కొత్తవాళ్లను రేడియోనే క్లబ్బుకు తోలుకొచ్చేది. అమెరికాలో 72, బ్రిటన్‌లో 35 మెగాహెర్ట్జ్ బ్యాండుల్లో ఒక్కో రిమోట్‌కు ఒక్కో చానల్ ఉండేది. ఒకరు ఎగరేస్తుండగా అదే చానల్ మీద మరొకరు స్విచ్ వేశారంటే గాల్లో ఉన్న విమానం అదుపు తప్పేది, చాలాసార్లు నేలకూలేది. అందుకే మైదానంలో ఒక చెక్కబోర్డు, దానిమీద చానల్ నంబర్లు, వాటికి బట్టల క్లిప్పులు. తన నంబరు ఖాళీగా ఉందో లేదో చూసుకోకుండా, పక్కవాణ్ని అడగకుండా ఎవరూ రిమోట్ ఆన్ చేసేవాళ్లు కాదు. ఎంత మొహమాటస్థుడైనా నోరు విప్పక తప్పేది కాదు.

2005 ప్రాంతంలో 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు వచ్చాయి. ఏ రిమోట్ మాట ఏ విమానం వినాలో అవే చూసుకుంటాయి. బోర్డుతో పని లేకుండా పోయింది, పలకరింపు కూడా పోయింది. ఇప్పుడు ఫోమ్ విమానం అట్టపెట్టెలో సిద్ధంగా వస్తుంది. లోపల విమానాన్ని నిలకడగా ఉంచే గైరో ఉంటుంది. క్లబ్బు గడప తొక్కకుండానే ఎగరేసుకోవచ్చు. అలా ఒంటరిగా మొదలైన హాబీ మూడో వారానికి చెట్టుకొమ్మకు చిక్కి, నాలుగో వారానికి అటకెక్కుతుంది. క్లబ్బు అందుకోవాల్సింది ఈ రెండు వారాల మధ్య మనిషినే.

అందుకు అక్కడి క్లబ్బుల దగ్గరున్న అసలు సాధనం బడ్డీ బాక్స్. రెండు రిమోట్లను వైరుతో, ఈమధ్య వైరు లేకుండానే, జతచేస్తారు. ఒకటి గురువు చేతిలో, ఒకటి కొత్తవాడి చేతిలో. గురువు తన రిమోట్ మీది స్విచ్చి నొక్కి పట్టుకున్నంతసేపు విమానం కొత్తవాడిది. వేలు వదిలిన క్షణంలో గురువుది. డ్రైవింగ్ స్కూలు కారులో మాస్టారి కాలికింద ఉండే రెండో బ్రేకు లాంటిదే, కాకపోతే ఇక్కడ బ్రేకుతోపాటు స్టీరింగు కూడా ఉంటుంది. ముందు గురువే టేకాఫ్ చేసి, బాగా పైకి తీసుకెళ్లి అప్పగిస్తాడు. ఎంత పైకి అంటే, అక్కడి పాతకాపులు అడుగుల్లో చెప్పరు, మూడు తప్పులు చేసినా సరిదిద్దుకునేంత అంటారు.

దీనికి విమానం కూడా తగినది కావాలి. రెక్క బాడీకి పైన ఉండాలి, రెక్క చివరలు కాస్త పైకి లేచి ఉండాలి. అలాంటిదైతే స్టిక్ వదిలేసినా మెల్లగా తనంతట తానే సమంగా నిలుస్తుంది. యుద్ధవిమానం బొమ్మ కొనుక్కుని వచ్చే కుర్రాడికి ఈ మాట మెత్తగా చెప్పడం ఒక విద్య.

అందరినీ తికమక పెట్టేది ఎదురొచ్చే విమానం. మన నుంచి దూరంగా పోతున్నప్పుడు కుడి అంటే కుడే. మన వైపు తిరిగి వస్తున్నప్పుడు స్టిక్ కుడికి తోస్తే అది మన ఎడమకు వంగుతుంది. కంగారులో ఇంకా తోస్తారు, ఇంకా వంగుతుంది. దీనికి గురువులు చెప్పే చిట్కా ఒక్కటే: మనకు ఏ పక్క రెక్క కిందికి కనిపిస్తుందో ఆ పక్కకే స్టిక్ తొయ్యి, కింద దన్ను పెట్టినట్టు. ఆలోచించే పని ఉండదు. మంచి గురువు స్విచ్చి వదిలి విమానాన్ని సరిచేసి వెంటనే తిరిగి ఇచ్చేస్తాడు, అప్పుడు ఉపన్యాసం ఇవ్వడు. విమానాన్ని తన దగ్గరే ఉంచుకుని పల్టీలు కొట్టి చూపించే గురువు మాత్రం ఒక సభ్యుణ్ని పోగొడుతున్నట్టే.

రిమోట్ కొనకముందే క్లబ్బుకు రమ్మనడం ఇంకో మెలకువ. వేగం పెంచే స్టిక్ కొన్ని రిమోట్లలో కుడివైపు, కొన్నింటిలో ఎడమవైపు ఉంటుంది. మోడ్ 1, మోడ్ 2 అంటారు. అమెరికాలో దాదాపు అంతా మోడ్ 2, బ్రిటన్‌లో రెండూ కనిపిస్తాయి. నేర్పేవాళ్లది ఒకటి, నేర్చుకునేవాడిది ఇంకొకటి అయితే ఇద్దరికీ తిప్పలే.

పిల్లలకు ఇవేవీ అక్కర్లేదు. 1960లలో ఫ్రాంక్ ఎహ్లింగ్ రూపొందించిన డెల్టా డార్ట్ ఉంది. కాగితం మీద అచ్చేసిన ప్లాను మీదే సన్నని బాల్సా పుల్లలు అంటిస్తారు. ఆ కాగితమే రెక్క అవుతుంది. రబ్బరు బ్యాండు మెలిపెట్టి వదిలితే ప్రొపెల్లర్ తిరుగుతుంది. ఒక్క పూటలో చేయడమూ ఎగరేయడమూ అయిపోతాయి. ఇంకా చవకది, తొమ్మిది అంగుళాల ఫోమ్ ప్లేటు కోసి, ముక్కున నాణెం అంటించి చేసే గ్లైడర్. పాత థర్మకోల్ ప్లేటు దొరికితే దానితోనూ ప్రయత్నించొచ్చు.

బ్రిటన్‌లో ‘ఎ’ సర్టిఫికెట్ అని ఒక పరీక్ష పెడతారు. టేకాఫ్, ఎనిమిది అంకె ఆకారంలో ఎగరడం, చతురస్రంగా చుట్టి వచ్చి దిగడం, ఇంజన్ ఆగిపోయిందనుకుని దించడం, చివర్లో భద్రత మీద ప్రశ్నలు. అది పాసైనవాణ్ని చాలా క్లబ్బుల్లో ఒంటరిగా ఎగరేయనిస్తారు. కొత్తవాడికి ఇది ఒక గమ్యం, పాతవాళ్లకు వాడి గురించి అడగడానికి ఒక మాట.

మన దగ్గర దారి వేరే ఉంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లు కాలేజీ రోజుల్లోనే ఏరోమోడలింగ్ నేర్చుకుంటారు. అఖిల భారత వాయుసైనిక్ క్యాంపులో పోటీలు కూడా ఉంటాయి. డిగ్రీ అయ్యాక ఆ చేతులకు పని చెప్పేవాళ్లు కావాలి. 2021 డ్రోన్ నియమాలు వినోదానికి, చదువుకు కనుచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ అవసరం లేకుండా చేశాయి. అయితే మైదానం ఏ గగనతల జోన్‌లో ఉందో, విమానాశ్రయానికి ఎంత దూరమో ముందే చూసుకోవాలి. ఆ తలనొప్పి క్లబ్బు నెత్తిన వేసుకుంటే చాలు, మాజీ కేడెట్లు రావడానికి సగం అడ్డు తొలగినట్టే. వచ్చినవాళ్లలో కంట్రోల్ లైన్, అంటే తీగలకు కట్టి చుట్టూ తిప్పే విమానం, తిప్పినవాళ్లుంటారు. తీగల చివర విమానాన్ని పైకెత్తడం, దించడం వాళ్లకు బాగా తెలుసు. కుడి ఎడమలే కొత్త. కాబట్టి వాళ్లకు బడ్డీ బాక్స్ పాఠం మలుపులతోనే మొదలుపెట్టొచ్చు.