రహీం సాబ్ బడిలో ఎడమ కాలు

హైదరాబాద్‌లో ఒకప్పుడు ఒక బడిపంతులు వింత ఫుట్‌బాల్ టోర్నమెంట్లు పెట్టించేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి అందిందంటే పక్కవాడికి ఇచ్చేయాల్సిందే. ఇంకోదాంట్లో ఎవరికి ఏ కాలు చేతకాదో ఆ కాలితోనే ఆడాలి. ఆ పంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన భారత జట్లను తయారు చేసిందీ ఆయనే. అజయ్ దేవ్‌గణ్ ‘మైదాన్’ సినిమా వచ్చాక జకార్తా సంగతి చాలామందికి తెలిసింది. ఈ కాలపు తల్లిదండ్రులకి పనికొచ్చేది మాత్రం ఆ వింత టోర్నమెంట్ల వెనకున్న ఆలోచన.

ఇప్పుడు ఏ టర్ఫ్ దగ్గర నిలబడ్డా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. “మావాడు అకాడమీలో చేరి రెండేళ్లయింది సార్, ఇంకా ఎడమ కాలితో పాస్ ఇవ్వలేడు” అని తండ్రి. “మీవాడు బంతి దొరికితే వదలడండీ, పక్కన మనిషి ఉన్నాడని కూడా చూడడు” అని కోచ్. రెండూ నిజమే. గంట ప్రాక్టీసులో ఇరవై మంది పిల్లలు వరసలో నిలబడితే ఒక్కొక్కరికి బంతి అందేది కాసేపే. అంత తక్కువ తాకిళ్లతో చేతకాని కాలు చేతనవదు. పోనీ అని పర్సనల్ కోచ్‌ని పెట్టి శంకువుల మధ్య బంతి తిప్పిస్తే కాలు నేర్చుకుంటుంది, కన్ను నేర్చుకోదు. శంకువు కాలు అడ్డం పెట్టదు కదా.

ఒంటరి సాధనలో అన్నిటికన్నా చవకైనదీ, నా లెక్కలో అన్నిటికన్నా మంచిదీ గోడ. అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడైనా సరే, వాచ్‌మన్ ఒప్పుకుంటే. ఐదారు అడుగుల దూరంలో నిలబడాలి. తన్నని కాలు బంతి పక్కన, వేళ్లు గోడవైపు. తన్నే కాలి చీలమండ గట్టిగా బిగించి, పాదం లోపలి వైపుతో కొట్టాలి. తిరిగొచ్చే బంతిని ఆపే పాదం తాకే క్షణంలో కొంచెం వెనక్కి తగ్గాలి. తగ్గకపోతే బంతి ఎగిరి రెండు గజాల అవతల పడుతుంది, మైదానంలో ఆ రెండు గజాలు ఎదుటివాడివే. అది కుదిరాక, బంతిని ఉన్నచోట చంపేయకుండా మొదటి టచ్‌తోనే పక్కకి జరిపి రెండో కాలితో పాస్ ఇవ్వడం అలవాటు చేసుకోవాలి. కుడి కాలితో పది కొడితే ఎడమ కాలితో ఇరవై. రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు చేయడం కన్నా ఇది మేలు.

ఈ తరహా సాధనకి ప్రపంచంలో పెద్ద పేరు తెచ్చినవాడు డచ్ కోచ్ వీల్ కూర్వర్. 1974లో ఫెయెనూర్డ్ జట్టుకి యూఈఎఫ్ఏ కప్ గెలిపించిన మనిషి. గొప్ప ఆటగాళ్ల విద్యలను ముక్కలు చేసి పిల్లలకి వరసగా నేర్పవచ్చని ఆయన వాదం. దానికి అవతలి ఒడ్డున బార్సిలోనా వాళ్ల రోండో ఉంటుంది. నలుగురైదుగురు చుట్టూ నిలబడి పాస్‌లు ఇచ్చుకుంటుంటే మధ్యలో ఒకరిద్దరు బంతి కోసం పరిగెడతారు. అక్కడ కాలి విద్య ఎంతున్నా, బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడనివాడు దొరికిపోతాడు. ఒంటరిగా ఎంతసేపు కోలలు తిప్పినా కోలాటం రాదు, ఎదుటి కోల ఎప్పుడు పడుతుందో తెలియాలి. రోండో నేర్పేది ఆ వేళనే.

రహీం ఈ రెండు ఒడ్లలో దేన్నీ పట్టుకుని కూర్చోలేదు. ఒక్కడికే సంబంధించిన లోపాన్ని తీసుకొచ్చి పదకొండు మంది ఆటలో పెట్టాడు. డ్రిబ్లింగ్ లేదంటే బంతి రాకముందే ఎవరికి ఇవ్వాలో చూసుకుని ఉండాలి. అది చూపుకి సాధన. చేతకాని కాలితోనే ఆడాలంటే మైదానంలో అందరూ ఒకేలా తడబడతారు. పదకొండేళ్ల పిల్లవాడు మ్యాచ్‌లో ఎడమ కాలు ఎందుకు వాడడు? తప్పు కొడితే తోటివాళ్లు నవ్వుతారని. అందరూ తప్పు కొట్టే చోట నవ్వేదెవరు? మనసెరిగిన పంతులుకే తోచే ఎత్తు ఇది. నేలమీద చకచకా పాస్‌లు ఇచ్చుకునే హైదరాబాద్ ఆట ఇలాంటి బడిలోనే పదునెక్కింది. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ ఎగరేసుకుపోయింది.

సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కథ కూడా ఇక్కడే చెప్పాలి. బూట్లు కొనే స్తోమత లేక పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడాడు. ఆట చూసిన రహీం శిక్షణకి రమ్మన్నాడు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే అద్దె సైకిల్‌కి డబ్బులు తనే ఇచ్చాడు. సందుల్లో తనంతట తాను నేర్చుకున్న కాలు కుర్రాడి దగ్గర ముందే ఉంది. జట్టులో దాన్ని ఎక్కడ, ఎప్పుడు వాడాలో చెప్పేవాడు తర్వాత దొరికాడు. బలరాం 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. ఈ వరస ముఖ్యం: ముందు బంతితో చెలిమి, తర్వాత జట్టు పాఠం.

అందుకే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ‘సాధన’ అనే మాటే వద్దు. సందులోనో స్కూలు గ్రౌండ్‌లోనో పెద్దవాళ్ల కేకలు లేకుండా ఆడనివ్వండి. జర్మనీ అగ్రశ్రేణి ఆటగాళ్ల మీద 2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో, జాతీయ జట్టుదాకా వెళ్లినవాళ్లు చిన్నప్పుడు కోచ్ లేని ఆట ఎక్కువ ఆడినవాళ్లని తేలింది. పది నుంచి పదమూడు మధ్య గోడ దగ్గరి పావుగంట బాగా పండుతుంది. పద్నాలుగు దాటాక బరువు జట్టువైపు మొగ్గాలి. అప్పటి ఒంటరి సాధన నిన్నటి మ్యాచ్‌లో బయటపడిన లోపం మీదే ఉండాలి. డిఫెండర్ అని ముద్ర వేసి మిగతావి మాన్పించడం కూడా తప్పే. 1962 ఫైనల్లో రహీం, తలకి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందు వరసలో ఆడించాడు. దక్షిణ కొరియా మీద మన రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే.

ఇక మన నగరాల్లో ఎవరూ లెక్క చూడని సంగతి అలసట. స్కూల్ టీమ్ కోచ్‌కి అకాడమీ సంగతి తెలియదు, అకాడమీకి పర్సనల్ కోచ్ సంగతి తెలియదు, ఆదివారం టోర్నమెంట్ వీళ్లెవరి లెక్కలోనూ ఉండదు. మొత్తం మోసేది ఒక జత మోకాళ్లు. ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పెట్టినా, మడమ వెనక నొప్పితో కుంటినా సోమరితనం అనుకోవద్దు. పెరిగే ఎముక మీద పడిన భారం అది, డాక్టర్‌కి చూపించాలి. క్రీడా వైద్యులు చెప్పే లెక్క తేలిక: కోచ్ కింద చేసే శిక్షణ, మ్యాచ్‌లు అన్నీ కలిపి వారానికి పిల్లవాడి వయసెంతో అన్ని గంటలు మించకూడదు, వారంలో కనీసం ఒకరోజు పూర్తి విశ్రాంతి ఉండాలి. ఇంట్లో తలతో బంతి కొట్టే సాధన చిన్నపిల్లల చేత అసలే చేయించకండి. పదేళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకి అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే హెడ్డింగ్ మాన్పించింది.

మరో ఏడాది ఫీజు కట్టేముందు కోచ్‌ని ఒక్క మాట అడగండి: “పోయిన మ్యాచ్ చూశారు కదా, మావాడు ఈ వారం ఇంటి దగ్గర ఏం చేయాలి?” మీవాడి ఆట చూసి చెప్పిన జవాబు వస్తే అక్కడే ఉంచండి. “మా దగ్గరికి రోజూ పంపండి చాలు” అంటే వేరే కోచ్‌ని వెతుక్కోండి.